ఆరంకెల తాళం... ఎంత గట్టిది?

2021 మార్చి 8, సోమవారం. దేశంలో లక్షల మంది సెల్‌ఫోను చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పరీక్షా ఫలితాల కోసమో, క్రికెట్ స్కోరు కోసమో కాదు... అంకెల కోసం! బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పంపుదామనుకున్నవాళ్లకి ఓటీపీ రాలేదు. కార్డుతో ఆన్‌లైన్లో కొందామనుకున్నవాళ్లకి రాలేదు. కరోనా టీకాకి పేరు నమోదు చేయించుకుందామని కూర్చున్నవాళ్లకీ రాలేదు. సిగ్నల్ లేదేమోనని డాబా ఎక్కినవాళ్లూ, ఫోను ఆపి మళ్లీ వేసినవాళ్లూ ఎంతమందో!

నిజానికి తప్పు ఫోనుదీ కాదు, టవరుదీ కాదు. మోసపు మెసేజీలను అరికట్టడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన ఆ రోజే అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బ్యాంకులైనా దుకాణాలైనా తాము పంపే ప్రతి మెసేజీ నమూనానీ ముందే నమోదు చేయించుకోవాలి. నమూనాతో సరిపోలని మెసేజీని టెలికాం కంపెనీల యంత్రాలు దారిలోనే ఆపేస్తాయి. చాలా సంస్థలు ఆ పని పూర్తిచేయలేదు. దాంతో దొంగ మెసేజీలతో పాటు దొర మెసేజీలూ ఆగిపోయాయి. మర్నాడే ట్రాయ్ ఆ నిబంధనని వారం రోజులు పక్కన పెట్టాల్సి వచ్చింది.

మెసేజీ రాకపోతే ఎంత గందరగోళమో ఆ ఒక్కరోజుతో తెలిసింది. మరి... వచ్చిన మెసేజీ మన ఫోనుకే వచ్చిందా, దారిలో ఇంకెవరైనా చూశారా? అది ఎలా తెలుస్తుంది? 2జీ పోయి 3జీ వచ్చింది, 4జీ వచ్చింది, 5జీ కూడా వచ్చేసింది. తరం మారినప్పుడల్లా 'వేగం ఇంత పెరిగింది' అనే చెబుతారు తప్ప 'తాళం ఇంత గట్టిపడింది' అని ఎవరూ చెప్పరు. మన డబ్బు సంగతికొస్తే అసలు కథ ఆ రెండోదే!

పోస్టుకార్డు మీద బీరువా తాళం

ఎస్సెమ్మెస్‌ని కనిపెట్టినవాళ్లకి బ్యాంకులూ గుర్తులేవు, భద్రతా గుర్తులేదు. ఫోనుకి 'నీకు కాల్ వస్తోంది' అని టవరు చెప్పడానికి ఓ సన్నటి దారి ఉంటుంది. కాల్స్ లేనప్పుడు అది ఖాళీగానే ఉంటుంది కదా, నాలుగు ముక్కలు పంపుకోవడానికి వాడుకుందాం... అన్న ఆలోచనలోంచి పుట్టిందది. సన్నటి దారి కాబట్టి మెసేజీ కూడా చిన్నదే ఉండాలి. జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985లో టైపురైటరు ముందు కూర్చుని తోచిన వాక్యాలన్నీ కొట్టి, అక్షరాలు లెక్కపెట్టి, 160 ఉంటే చాలని తేల్చారు. (ఆ లెక్క ఇంగ్లిషుకే. తెలుగులో పంపితే 70కే నిండిపోతుంది. మన అక్షరాలకి చోటెక్కువ కావాలి మరి!) 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజినీరు తన కంప్యూటర్ నుంచి ఓ ఫోనుకి క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. లోకంలో అదే తొలి ఎస్సెమ్మెస్.

శుభాకాంక్షలకి తాళమెందుకు? అందుకే ఎస్సెమ్మెస్ ఓ పోస్టుకార్డులాగే తయారైంది. పంపేవారి దగ్గర్నుంచి అందుకునేవారి దాకా కవరేసి, అంటించి తీసుకెళ్లే ఏర్పాటు అందులో లేదు. మధ్యలో ఏ కంపెనీ యంత్రం మీదుగా వెళ్తే ఆ యంత్రానికి అందులో ఉన్నది కనిపిస్తుంది.

పదిహేడేళ్ల తర్వాత ఆ పోస్టుకార్డుకి అనుకోని ఉద్యోగం దొరికింది. కార్డుతో ఆన్‌లైన్లో కొనేటప్పుడు కార్డు మీద కనిపించే వివరాలొక్కటే చాలవు, వినియోగదారుడికి మాత్రమే తెలిసిన ఇంకో రుజువూ కావాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. ప్రపంచంలో చాలా దేశాలు ఇంకా ఆ మాట తలపెట్టని రోజులవి. మొదట్లో పాస్‌వర్డులు పెట్టుకున్నాం, మర్చిపోయాం. ఆ తర్వాత బ్యాంకులన్నీ 'ఓసారికే పనికొచ్చే అంకెలు' పంపడానికి అలవాటుపడ్డాయి. ఎలా పంపాలి? అందరి దగ్గరా సెల్‌ఫోనుంది, ఖర్చు కొద్ది పైసలే. ఇంకేం... బీరువా తాళంచెవిని పోస్టుకార్డుకి కట్టి పంపడం మొదలైంది.

సిమ్ము చెప్పే రహస్యం

పోస్టుకార్డు అన్నాం కదాని మొబైల్ నెట్‌వర్కుకి అసలు తాళమే లేదనుకోకూడదు. ఉంది. అదే మనం గోరంత ముక్కేగా అని తీసిపారేసే సిమ్‌కార్డు. 1991లో ఫిన్లాండ్‌లో తొలి జీఎస్ఎం నెట్‌వర్కు మొదలైనప్పుడే అదీ పుట్టింది. అప్పట్లో అది బ్యాంకు కార్డంత ఉండేది.

సిమ్ము లోపల ఓ రహస్య సంఖ్య ఉంటుంది. దానికి జోడీ కంపెనీ దగ్గర ఉంటుంది. మూడో చోట ఉండకూడదు. గొప్పతనమంతా ఎక్కడుందంటే... ఆ సంఖ్య ఎన్నడూ గాల్లోకి రాదు. మరి టవరుకి మనం మనమేనని ఎలా తెలుస్తుంది? నెట్‌వర్కు ఏదో ఓ అంకె ఇచ్చి 'దీన్ని నీ రహస్యంతో కలిపి లెక్కకట్టి జవాబు చెప్పు' అంటుంది. సిమ్ము లెక్కకట్టి జవాబు మాత్రం పంపుతుంది. కంపెనీ తన దగ్గరున్న జోడీతో అదే లెక్క వేసి చూసుకుంటుంది. రెండూ సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. పక్కనుంచి విన్నవాడికి ప్రశ్నా జవాబూ దొరుకుతాయేగానీ రహస్యం దొరకదు. మర్నాడు ప్రశ్న మారిపోతుంది కాబట్టి నిన్నటి జవాబు చెల్లదు. ముప్ఫై ఏళ్లు దాటినా నేటి 5జీ దాకా మూలసూత్రం ఇదే.

కానీ 2జీలో ఓ పెద్ద లోపం మిగిలిపోయింది. టవరు 'నువ్వెవరు?' అని ఫోనుని అడుగుతుంది. ఫోను మాత్రం 'మరి నువ్వెవరు?' అని టవరుని అడగదు! వీధిలోకొచ్చి 'కరెంటాఫీసు నుంచి' అన్న ప్రతివాడికీ తలుపు తీసినట్టే. ఆ రోజుల్లో టవరంటే కోట్ల ఖర్చు, దొంగటవరు ఎవడు పెడతాడన్న ధీమా. ఇప్పుడో? కారు డిక్కీలో పట్టేంత పరికరంతో 'నేనే టవరుని' అని చుట్టుపక్కల ఫోన్లని నమ్మించొచ్చు.

2జీలో రెండో లోపం, మాటల్ని గజిబిజి చేసే పద్ధతిని రహస్యంగా దాచిపెట్టడం. 'ఏ5/1' అని దాని పేరు. తాళం తయారీ ఎవరికీ తెలియకపోతే ఎవరూ తీయలేరన్నది వాళ్ల ఆలోచన. నిజానికి 1883లోనే ఆగస్ట్ కెర్కోఫ్స్ అనే భాషా పండితుడు దీనికి ఎదురు చెప్పాడు. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా సరే, తాళంచెవి మన దగ్గరుంటే చాలు అనేలా ఉండాలన్నాడు. ఆయన మాటే నెగ్గింది. 1999 నాటికి ఏ5/1 లోగుట్టు బయటపడింది. 2009 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఓ సదస్సులో కార్స్టెన్ నోల్ అనే పరిశోధకుడు, ముందే లెక్కకట్టి పెట్టుకున్న పెద్ద పట్టికల సాయంతో దాన్ని మామూలు కంప్యూటర్ల మీదే ఎలా ఛేదించవచ్చో వివరించాడు. మనదేశంలో ఓటీపీలు ఊపందుకుంటున్న కాలం, అవి నడిచే దారిలో తాళం పగిలిన కాలం... రెండూ ఒకటే!

తలుపులు రెండువైపులా

3జీ వచ్చాక ఫోనుకీ నోరొచ్చింది. టవరుని 'నువ్వు నిజంగా మా కంపెనీ తరఫునే వచ్చావా?' అని ఎదురడగడం నేర్చింది. కంపెనీకి మాత్రమే తెలిసిన రహస్యంతో ముద్ర వేసిన ప్రశ్న అయితేనే సిమ్ము జవాబిస్తుంది. గజిబిజి చేసే పద్ధతుల్ని కూడా దాచకుండా అందరి ముందూ పెట్టి, పండితుల చేత పరీక్షలు చేయించారు. 4జీలో దాన్ని ఇంకా బిగించారు.

అంతా బాగానే ఉందిగా? లేదు! ఫోనులో 2జీ ఇంకా బతికే ఉంది. కొత్త తరం సిగ్నల్ అందకపోతే మన ఫోను మౌనంగా పాత తరానికి దిగిపోతుంది. ఊరి చివర, ఘాట్ రోడ్డులో అది వరం. దొంగలకీ వరమే. పై తరాల సిగ్నల్‌ని అడ్డుకుంటే చాలు, ఫోను తనంతట తానే దిగొచ్చి బలహీనమైన తలుపు దగ్గర నిలబడుతుంది. 2024లో లండన్ పోలీసులు ఇలాంటి దొంగటవరు కేసులోనే ఇద్దర్ని అరెస్టు చేశారు. సొంతంగా తయారుచేసుకున్న పరికరంతో వేల ఫోన్లకి బ్యాంకుల పేరుతో, ప్రభుత్వ సంస్థల పేరుతో మెసేజీలు కొట్టారన్నది అభియోగం. ఆ మెసేజీలు ఏ కంపెనీ నెట్‌వర్కులోంచీ పోవు. కాబట్టి కంపెనీలు పెట్టుకున్న జల్లెడలేవీ వాటిని ఆపలేవు.

దీనికి ఓ చిన్న ఉపాయం చాలామంది చేతిలోనే ఉంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచీ ఫోనులో 2జీని ఆపేసే మీట ఇచ్చారు. సెట్టింగ్స్‌లో సిమ్ వివరాల దగ్గర ఉంటుందది. అన్ని ఫోన్లలోనూ కనిపించదు. 4జీ బాగా అందే ఊళ్లో ఉంటే దాన్ని ఆపేసినా పెద్దగా తేడా తెలియదు.

'మీ అబ్బాయి మా ఊళ్లో ఉన్నాడు'

ముందు గుమ్మం సంగతి సరే, పెరటి తలుపు మాటేమిటి?

హైదరాబాద్ సిమ్ముతో దుబాయిలో దిగగానే ఫోను మోగుతుంది. ఎలా? అక్కడి కంపెనీ ఇక్కడి కంపెనీకి కబురు పెడుతుంది... 'మీ అబ్బాయి మా ఊళ్లో ఉన్నాడు. అతని పేరున వచ్చే కాల్సూ ఉత్తరాలూ ఇక నుంచి మాకు పంపండి' అని. ఇక్కడివాళ్లు సరేనంటారు. ప్రపంచంలోని టెలిఫోన్ కంపెనీలన్నీ ఇలా మాట్లాడుకోవడానికి ఓ భాష ఉంది. ఎస్ఎస్7 అంటారు. 1970లలో పుట్టి, 80లలో స్థిరపడింది. అప్పట్లో ఫోను కంపెనీలంటే దేశానికొకటి, అవీ చాలావరకు సర్కారువే. అందరూ తెలిసినవాళ్లే, పెద్దమనుషులే. అందుకని 'అబ్బాయి నిజంగా మీ ఊళ్లోనే ఉన్నాడా?' అని అడిగే మర్యాద తక్కువ పని ఎవరూ పెట్టుకోలేదు.

ఇప్పుడు అలాంటి కంపెనీలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాని గుమ్మంలోంచి దొంగ దూరినా, లేక ఏ ఒక్కటి డబ్బుకి ఆశపడి దారి అద్దెకిచ్చినా... అబ్బాయి హాయిగా ఇంట్లోనే నిద్రపోతుంటాడు, అతని ఉత్తరాలు మాత్రం ఎక్కడికో వెళ్లిపోతుంటాయి. ఇది సాధ్యమేనని 2014 డిసెంబరులో హాంబర్గ్ సదస్సులో టోబియాస్ ఎంగెల్, పైన చెప్పుకున్న కార్స్టెన్ నోల్ వేర్వేరుగా చూపించారు. 'పరిశోధకులు ఇలాగే భయపెడతారులే' అనుకున్నవాళ్లకి 2017లో జవాబు దొరికింది. ఆ ఏడాది జనవరిలో జర్మనీలో ఓ2 టెలిఫోనికా వినియోగదారులు కొందరి బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు పోయింది. దొంగలు ముందు నకిలీ మెయిళ్లతో వాళ్ల ఖాతా వివరాలూ పాస్‌వర్డులూ రాబట్టారు. తర్వాత ఓ విదేశీ నెట్‌వర్కు ద్వారా 'మీ అబ్బాయి మా ఊళ్లో ఉన్నాడు' అని కబురంపి బ్యాంకు పంపిన అంకెల్ని తమవైపు మళ్లించుకున్నారు. బాధితుల ఫోన్లు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి, సిమ్ములూ వాటిలోనే ఉన్నాయి. వాళ్లు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు కూడా!

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అంతకుముందే, 2016లోనే, ఎస్సెమ్మెస్‌తో అంకెలు పంపే పద్ధతికి మెల్లగా స్వస్తి చెప్పాలని తన ముసాయిదాలో రాసింది. 2017లో ఖరారు చేసినప్పుడు కాస్త మెత్తబడి 'జాగ్రత్తలతో మాత్రమే' అంది.

కౌంటర్ దగ్గర

ఇంత సాంకేతిక విద్య లేని దొంగ ఏం చేస్తాడు? నేరుగా సిమ్ము దుకాణానికి వెళ్తాడు. 'ఫోను పోయింది, అదే నంబరుకి ఇంకో సిమ్ ఇవ్వండి' అంటాడు. దొంగ కాగితాలు చూపిస్తాడు. కౌంటర్లో ఉన్నవాళ్లు ఏమరుపాటున ఉన్నా, కుమ్మక్కైనా... కొత్త సిమ్ము వస్తుంది. ఆ క్షణమే అసలు యజమాని ఫోనులో సిగ్నల్ గీతలు మాయమవుతాయి. 'నెట్‌వర్క్ ప్రాబ్లమ్ కాబోలు' అని ఆయన పడుకుంటాడు. తెల్లారేసరికి ఖాతా ఖాళీ!

ఇది సామాన్యులకే జరుగుతుందనుకుంటే పొరపాటు. 2019 ఆగస్టు 30న ట్విటర్ అప్పటి అధినేత జాక్ డోర్సీ ఖాతాలోంచే కాసేపు పిచ్చిరాతలు వెలువడ్డాయి. టెలికాం సంస్థ వైపు లోపంతో ఆయన ఫోను నంబరు పరాయి చేతుల్లోకి పోయిందని ట్విటర్ ప్రకటించింది. అధినేతకే దిక్కులేదు!

మనదేశంలో ఈ దారిని మూయడానికి ఒకటి రెండు గడియలు బిగించారు. సిమ్ము మార్చాక 24 గంటల పాటు ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు నిలిపేయాలని టెలికాం శాఖ 2022లో కంపెనీలని ఆదేశించింది. ఈలోపు అసలు మనిషి మేలుకుంటాడని ఆశ. కొత్త సిమ్ము తీసుకున్నాక ఏడు రోజుల దాకా నంబరుని ఇంకో కంపెనీకి మార్చుకోవడం కుదరదని ట్రాయ్ 2024 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటైనా రాకపోతే... పక్కింటివాళ్ల ఫోనులో సిగ్నల్ ఉందేమో చూడాలి. వాళ్లకి ఉండి మీకు లేకపోతే వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయాలి. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి. ఆ నంబరుకి ఎంత త్వరగా చెబితే, దొంగ ఖాతాలో డబ్బు ఇంకా ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ.

5జీ ఏం మార్చింది?

2022 అక్టోబరు 1న దిల్లీలో ప్రధాని 5జీ సేవల్ని ప్రారంభించినప్పుడు అందరూ చూసింది వేగాన్ని. సినిమా ఎన్ని సెకన్లలో దిగుతుందన్నదే చర్చ. కానీ 5జీ ప్రమాణాలు రాసినవాళ్లు పైన చెప్పుకున్న దొంగతనాలన్నీ ముందు పెట్టుకుని రాశారు.

మొదటిది, పేరు దాచుకోవడం. ప్రతి సిమ్ముకీ ఫోను నంబరు కాకుండా ఓ శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది. మన దేశపు సిమ్ములవి 404తోనో 405తోనో మొదలవుతాయి. 2జీ నుంచి 4జీ దాకా కొన్ని సందర్భాల్లో ఫోను ఆ సంఖ్యని గాల్లోకి బహిరంగంగా అరిచి చెప్పాల్సి వచ్చేది. దొంగటవరు పెట్టినవాడికి ఎవరు ఎప్పుడు ఆ వీధిలోంచి వెళ్లారో తెలిసిపోయేది. 5జీలో ఫోను ఆ సంఖ్యని తన కంపెనీ మాత్రమే తెరవగలిగే కవర్లో పెట్టి, అంటించి ఇస్తుంది. ప్రతిసారీ కవరు వేరేలా కనిపిస్తుంది. దారిలో చూసినవాడికి నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒకరేనని కూడా అర్థంకాదు.

రెండోది, 'మీ అబ్బాయి మా ఊళ్లో ఉన్నాడు' అంటే నమ్మేయకపోవడం. 'అయితే మేమిచ్చిన ప్రశ్నకి అతని చేతే జవాబు రాయించి పంపండి, మేం దిద్దుకుంటాం' అంటుంది సొంత కంపెనీ. జవాబు రాయగలిగేది సిమ్ము ఒక్కటే కాబట్టి ఇంట్లో నిద్రపోతున్న అబ్బాయిని విదేశాల్లో ఉన్నట్టు చూపించడం కుదరదు. కంపెనీకీ కంపెనీకీ మధ్య సరిహద్దులో ప్రత్యేకంగా కాపలా యంత్రాల్ని కూడా పెట్టారు. వచ్చే కబుర్లని అవి తనిఖీ చేసే లోపలికి వదులుతాయి. ఇవి కాక, ఒకే నెట్‌వర్కుని ఆసుపత్రికో ఫ్యాక్టరీకో విడిగా గదులు కట్టి ఇచినట్టు పంచే ఏర్పాటూ ఉంది. ఓ గదిలో నిప్పంటుకున్నా పక్క గదికి పాకకూడదన్నది ఉద్దేశం.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అయితే ఫోను తెరమీద 5జీ అని కనిపించినంత మాత్రాన ఇవన్నీ వచ్చేసినట్టు కాదు! 5జీలో రెండు రకాలున్నాయి. గాల్లో 5జీ, వెనకాల గుండెకాయ మాత్రం పాత 4జీది అయితే ఒక రకం. గుండెకాయ కూడా కొత్తదైతే ఇంకోరకం. 2022లో మనదేశంలో ఎయిర్‌టెల్ మొదటి రకంతో, జియో రెండో రకంతో బయల్దేరాయి. పైన చెప్పిన కొత్త కాపలా అంతా కొత్త గుండెకాయలోనే ఉంటుంది. అది ఉన్నా, పేరు దాచే కవరు అంటించడానికి కావలసిన కంపెనీ తాళం సిమ్ములో పెట్టి ఉండాలి. అది లేకపోతే నిబంధనల ప్రకారమే సంఖ్య కవరు లేకుండా పోతుంది. కాబట్టి పాత సిమ్ముతోనే 5జీ పనిచేస్తుందన్న ప్రకటన నిజమే, కానీ భద్రత మొత్తం దాంతో వస్తుందని ఆ ప్రకటనలో ఎక్కడా లేదు.

ఈ లోగుట్టులన్నీ మనకి మనమే పరీక్షించుకోవాలంటే సొంత ప్రయోగశాల ఉండాలి. అందుకే 2018లో ఎనిమిది సంస్థలు కలిసి స్వదేశీ 5జీ ప్రయోగ కేంద్రం పని మొదలెట్టాయి. ఐఐటీ మద్రాసు నాయకత్వం వహించిన ఆ జట్టులో, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. 2022 మే 17న అది ప్రారంభమైంది.

మెసేజీ అటు కాదు... ఇటు!

ఈలోగా మనవాళ్లు ఇంకో దారిలో ముందుకెళ్లారు. 2008 అక్టోబరులో రిజర్వు బ్యాంకు తొలిసారి మొబైల్ బ్యాంకింగ్‌కి నిబంధనలు రాసినప్పుడు రోజుకి 5,000 రూపాయలు మించి పంపకూడదు, 10,000కి మించి కొనకూడదు అంది. ఫోను మీద అంత నమ్మకం! అప్పటికే హైదరాబాద్ మాసాబ్‌ట్యాంకులో ఉన్న ఐడీఆర్‌బీటీ ఈ పని మీద కూర్చుంది. బ్యాంకుల సాంకేతిక అవసరాల కోసం రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన సంస్థ అది. ఐఐటీ మద్రాసుతో కలిసి 2006లోనే మొబైల్ చెల్లింపుల వేదికని ఏర్పాటుచేసి, ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా ఫోనుతో డబ్బు ఎలా పంపాలి, తాళం ఎక్కడ వేయాలి అని బ్యాంకులవాళ్లనీ టెలికాం వాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టింది. 2010లో ఐఎంపీఎస్, 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చాయి.

యూపీఐ యాప్‌ని తొలిసారి తెరిచినప్పుడు 'మీ ఫోను నుంచి ఓ ఎస్సెమ్మెస్ వెళ్తుంది' అని చెబుతుంది. చాలామంది అది చదవకుండానే సరే అని నొక్కేస్తారు. కీలకం అక్కడే ఉంది. బ్యాంకు మనకి అంకెలు పంపి 'తిరిగి చెప్పు' అనదు. మన సిమ్మే బ్యాంకుకి మెసేజీ పంపుతుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో నెట్‌వర్కే చెబుతుంది. ఆ నంబరునీ ఆ ఫోనునీ ముడేసేస్తారు. ఇక దొంగకి మన అంకెలు దొరికినా చాలదు, మన సిమ్మున్న ఫోనే కావాలి. పైగా చెల్లింపుకి మామూలుగా పిన్ నొక్కాలి. ఆ పిన్ నొక్కే తెర మనం వాడే యాప్‌ది కాదు. జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐది. అక్కడే తాళంపడి బ్యాంకుకి పోతుంది, యాప్ కంపెనీకి కూడా కనిపించదు. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. కూరగాయల బండి దగ్గర పది రూపాయల కొత్తిమీరకీ ఇదే తాళం!

అలాగని దొంగలు ఖాళీగా కూర్చోలేదు. నెట్‌వర్కుని పగలగొట్టడం కష్టమైతే మనిషిని పగలగొడతారు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో ఓ ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది శుభలేఖ కాదు, యాప్. నొక్కితే లోపలికొచ్చి 'మెసేజీలు చదవనిస్తారా?' అని అడుగుతుంది. సరే అంటే ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ వాడికీ అందుతుంది. ఇక్కడ 2జీ అయినా 5జీ అయినా ఒకటే. నెట్‌వర్కు అంకెల్ని భద్రంగా తెచ్చి మన ఫోనులోనే పెట్టింది. దొంగ అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు!

అంకెల్లేని రోజు

అందుకే ఇప్పుడు ఆలోచన మారుతోంది. సిమ్ము ఎలాగూ క్షణక్షణం నెట్‌వర్కుకి తానెవరో రుజువు చేసుకుంటూనే ఉంది. మళ్లీ మనిషి చేత ఆరంకెలు కొట్టించడం దేనికి? బ్యాంకు యాప్ నెట్‌వర్కుని 'ఈ ఫోనులో ఉన్న సిమ్ము ఫలానా నంబరుదేనా?' అని తెరవెనక అడుగుతుంది. నెట్‌వర్కు అవునో కాదో చెబుతుంది. 'ఈ సిమ్ము ఈమధ్య మారిందా?' అని కూడా అడగొచ్చు. ప్రపంచ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ 2023 ఫిబ్రవరిలో బార్సిలోనాలో ఇలాంటి సేవలకి ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. ఇందులో చదివి చెప్పడానికి అంకెలే ఉండవు కాబట్టి, ఫోనుచేసి 'బాబూ, ఆ నంబరు కాస్త చెప్పండి' అని అడిగేవాడికి పని ఉండదు. నెట్‌వర్కు గట్టిదైతేనే దీనికి విలువ. దొంగటవరుకి దిగిపోయే నెట్‌వర్కు చెప్పిన 'అవును'ని ఎవరు నమ్ముతారు?

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో డిజిటల్ చెల్లింపుల గుర్తింపుకి కొత్త ఆదేశాలిచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు అని గడువు పెట్టింది. కనీసం రెండు రుజువులు ఉండాలి, వాటిలో ఒకటి ఆ లావాదేవీ కోసమే పుట్టినదై ఉండాలన్నది ముఖ్యాంశం. అది ఎస్సెమ్మెస్సే కావాలని లేదు. వేలిముద్ర కావచ్చు, ఫోనులోని తాళం కావచ్చు. ఎస్సెమ్మెస్‌ని తీసేయమనీ లేదు. ఇంకో వాక్యం ఖాతాదారులు గుర్తుపెట్టుకోదగ్గది... ఈ ఆదేశాల్ని పాటించకుండా జరిగిన లావాదేవీ వల్ల ఖాతాదారుడు నష్టపోతే, ఆ నష్టమంతా మారుమాట్లాడకుండా బ్యాంకే భరించాలి.

ఎస్సెమ్మెస్‌ని ఎందుకు తీసేయలేదు? బటన్ ఫోన్లున్నాయి కనుక. వేలిముద్ర చూసే తెరా, యాప్ దిగే చోటూ లేని ఫోన్లవి. ఆ ఫోన్లవాళ్లు బ్యాంకు పని చేసుకోవడానికి *99# అనే సేవ 2014 నుంచీ ఉంది. మాటలతో డబ్బు పంపే యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. పింఛను పడిందన్న కబురూ, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి అడిగే అంకెలూ ఆ ఫోన్లకి ఎస్సెమ్మెస్‌లోనే చేరాలి. వాటిలో ఎన్నో 2జీ తప్ప మరొకటి ఎరగనివి. 2జీని ఆపేసే మీట వాటిలో లేదు.